రోజూ రాయండి, రోజూ ప్రచురించకండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

తెలుగులో బ్లాగు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఆదివారం అనుబంధాల్లో దొరికే సలహా దాదాపు ఒకటే: పట్టుదలగా రోజూ రాయండి. ఎంత రాయాలి, ఏ వేళప్పుడు రాయాలి, ఎక్కడ తెగిపోతుంది అన్నది ఎవరూ విడమరిచి చెప్పరు. సంకలినుల (బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే సైట్ల) పాత జాబితాలు తిరగేస్తే పది పన్నెండు టపాలతో (పోస్టులతో) ఆగిపోయిన బ్లాగులు కోకొల్లలుగా కనిపిస్తాయి. "కొన్నాళ్లుగా రాయడం కుదరలేదు, ఇకనుంచి తప్పకుండా రోజూ రాస్తాను" అనేదే చాలా బ్లాగుల్లో చివరి టపా. వాళ్లకు పట్టుదల లేక ఆగిపోయారనడం అన్యాయం. రోజూ రాయడమూ రోజూ ప్రచురించడమూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. రాయడం రోజూ జరగాలి. ప్రచురణ వారానికి రెండుసార్లు చాలు. ఈ రెంటినీ విడదీస్తే అలవాటు నిలుస్తుంది. కొత్తవాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

రోజుకో టపా వేయాలని కూర్చున్న మనిషి ఏం చేయాల్సి వస్తుందో చూడండి. ఉద్యోగమో ఇంటిపనో ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చుని విషయం వెతకాలి, వివరాలు సరిచూసుకోవాలి, రాయాలి, దిద్దాలి, శీర్షిక పెట్టాలి, ఫొటో పెట్టాలి, పడుకునేలోపు ప్రచురించాలి. ఇవన్నీ ఒకే పనిలా కనిపిస్తాయి గానీ ఒక్కోదానికి ఒక్కో రకం ఏకాగ్రత కావాలి. రాసేటప్పుడు తప్పుల్ని పట్టించుకోకూడదు, దిద్దేటప్పుడు తప్పులు తప్ప మరేదీ చూడకూడదు. రెండూ ఒకే గంటలో కుదరవు. మొదటి పది టపాలు మాత్రం గబగబా వచ్చేస్తాయి, ఎందుకంటే అవి ఏళ్లుగా మనసులో నానుతున్న విషయాలు. ఆ నిల్వ అయిపోగానే తెల్ల తెర ముందు కూర్చోవాల్సి వస్తుంది. పదకొండో టపా దగ్గరే బండి ఆగడానికి కారణం ఇది.

అందుకని మొదట కుదుర్చుకోవాల్సింది విషయ సేకరణ. ఫోనులోనో జేబులో పట్టే చిన్న పుస్తకంలోనో రోజుకు రెండు మూడు పద్దులు రాసుకోవాలి. ఎలా రాసుకుంటామన్నది ముఖ్యం. "కూరగాయల ధరలు" అని రాసుకుంటే మూడు రోజుల తర్వాత అది ఎందుకు రాసుకున్నామో మనకే గుర్తుండదు. పద్దులో తేదీ, చోటు, ఒక ప్రశ్న ఉండాలి. "రైతుబజారు గేటు దగ్గర ధరల పలక. రాత్రి ధర చెరిపి పొద్దున కొత్తది రాస్తున్నారు. ఈ ధర ఎవరు, ఏ లెక్కన వేస్తారు?" అని రాసుకుంటే అందులోనే టపా ఉంది.

ఆ ఒక్క పద్దునే పట్టుకుని ఎంత దూరం పోవచ్చో చూపిస్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. పలక మీది ధర ఎలా తేలుతుందన్నది ఒక టపా. దానికి బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరును పది నిమిషాలు అడిగితే చాలు. రైతుకు ఇచ్చే గుర్తింపు కార్డు ఎవరికి వస్తుంది, కౌలుకు చేసేవాళ్ల సంగతేమిటి అన్నది రెండోది. ఒక ఆకుకూరల రైతు ఏ ఊరి నుంచి, ఏ బస్సులో, ఎన్ని గంటలకు బయల్దేరుతుంది, గంపకు ఎంత టికెట్టు కొడతారు అన్నది మూడోది. తూకం రాళ్లు, కాటాల సంగతి నాలుగోది. మధ్యాహ్నానికి మిగిలిపోయిన సరుకు ఏమవుతుందన్నది అయిదోది. బజారు ప్రహరీ బయట అదే కూర ఎంతకు అమ్ముతున్నారో పలక ధర పక్కన పెట్టి, వారం పాటు రెండింటినీ రాసుకుంటే ఆరోది. చివరిదానికి ఏడు రోజులు పడుతుంది, కాబట్టి మిగతావి రాస్తుండగానే దాన్ని మొదలుపెట్టాలి. ఇంత మాత్రానికి మేధావి కానక్కర్లేదు, పద్దులో ప్రశ్న ఉంటే చాలు. పైగా ఇలాంటి వివరం నెట్‌లో తెలుగులో దొరకదు. ఎవరో అయిదేళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చేది ఈ టపా కోసమే. "నా ఆలోచనలు" అనే టపా కోసం ఎవరూ రారు.

ఇక రాసే వేళ. రోజుకు నలభై నిమిషాలు చాలు. ఎక్కువ పెట్టుకుంటే మూడో వారానికి ఇంట్లోవాళ్లకూ మనకూ భారమవుతుంది. ఆ నలభై నిమిషాలు ఇప్పటికే తప్పకుండా జరిగే ఏదో ఒక పనికి ఆనించి పెట్టుకోవాలి: పొద్దున కాఫీ తర్వాత, పిల్లల బస్సు వెళ్లిపోయాక, ఆఫీసులో భోజనం ముగిశాక. "వీలున్నప్పుడు" అని పెట్టుకుంటే ఎప్పటికీ వీలుండదు. మొదటి అయిదు నిమిషాలు నిన్న రాసిన చివరి పేరా చదువుకోవడానికి. తర్వాతి ముప్ఫై నిమిషాలు వెనక్కి తిరగకుండా రాయడానికి. ఏదైనా తేదీ, పేరు, లెక్క గుర్తుకు రాకపోతే అక్కడ కుండలీకరణాల్లో "చూడాలి" అని పెట్టి ముందుకు సాగాలి. అప్పటికప్పుడు బ్రౌజరు తెరిస్తే ఆ రోజు రాత అక్కడితో సరి. చివరి అయిదు నిమిషాల్లో రేపు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఒక వాక్యం రాసి ఆపాలి. చెప్పదలుచుకున్నదంతా ఈ రోజే ఖాళీ చేయకుండా తెలిసిన విషయం కొంచెం మిగిల్చి లేవడం మంచిది. మర్నాడు కూర్చోగానే చేయి కదులుతుంది.

ఎంత రాయాలన్నదాని మీద ఒక మాట. ఇంగ్లీషు బ్లాగర్లు చెప్పే రోజుకు వెయ్యి పదాల లెక్క మనకు నప్పదు. విభక్తులు, క్రియాంతాలు మనం మాటతోనే కలిపి రాస్తాం, కాబట్టి తక్కువ పదాల్లో ఎక్కువ విషయం పడుతుంది. రోజుకు 250 నుంచి 300 తెలుగు పదాలు సరైన మోతాదు. దిద్దడానికి, ప్రచురణ పనులకు శని, ఆదివారాలు పోగా వారానికి అయిదు రోజులు 300 చొప్పున రాస్తే 1500 పదాలు. దిద్దేటప్పుడు మూడో వంతు పోగా వెయ్యి మిగులుతాయి. అంటే 500 పదాల టపాలు రెండు. వారానికి రెండు టపాలు చాలనడానికి లెక్క ఇదే. మొదటి వారం ఉత్సాహంలో రోజుకు 1500 పదాలు రాసేవాళ్లే నెల తిరక్కుండా మానేస్తారు.

ఇప్పుడు తెలుగువాళ్లకు ప్రత్యేకమైన అడ్డంకి దగ్గరికి వస్తాను: టైపింగు. నిమిషానికి ఎనిమిది పదాలు కొట్టేవాళ్లకు 300 పదాలకు దాదాపు 38 నిమిషాలు పడుతుంది. ఇరవై కొట్టేవాళ్లకు పావుగంట. మొదటివాళ్లకు కేటాయించుకున్న సమయమంతా వేళ్లకే పోతుంది, ఆలోచనకు మిగిలేది ఏమీ ఉండదు. "నాకు రాయడం రావట్లేదు" అని బాధపడేవాళ్లలో చాలామందికి నిజానికి రానిది టైపింగు. అలవాటు కోసం చేసే కష్టంలో సగం దీని మీద పెట్టినా దండగ కాదు.

చాలామంది ఇంగ్లీషు అక్షరాల మీదుగా తెలుగు కొడతారు. ఈ పద్ధతిలో రెండు రకాలున్నాయి. లేఖిని అనే సైటులాంటివి నియమం ప్రకారం నడుస్తాయి, ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో ముందే తెలుసు. ఫోన్లలో వచ్చేవి ఊహించి మాటను ఇస్తాయి. వేగంగా ఉన్నట్టనిపిస్తుంది గానీ ఎ, ఏలు, ఒ, ఓలు తారుమారవుతాయి. న, ణలూ ల, ళలూ అంతే. ఆ తప్పులు వరసగా మూడు వారాలు చూస్తే మన కంటికే అవి ఒప్పులైపోతాయి. రోజూ రాయదలచినవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. భారత ప్రభుత్వం ప్రామాణికంగా పెట్టిన కీబోర్డు అమరిక ఇది. విండోస్‌లో, లినక్స్‌లో ముందే ఉంటుంది, వేరే ఏదీ దించుకోనక్కర్లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతి వైపు. మధ్య వరసలో ఎడమ చేతి వేళ్ల కింద ఓత్వం, ఏత్వం, పొల్లు, ఇత్వం, ఉత్వం. కుడి చేతి వేళ్ల కింద ప, ర, క, త, చ, ట. షిఫ్టు నొక్కి క కొడితే ఖ, త కొడితే థ. ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు మీట: క, పొల్లు, క కొడితే క్క. ఈ ఒక్క వరసతోనే పిచ్చుక, చిరుత, కోరిక, పేరు, తిరుపతి కొట్టేయొచ్చు. మొదటి వారం అంతకుమించి పోవద్దు. రోజుకు ఇరవై నిమిషాలు, కీబోర్డు వంక చూడకుండా. రెండో వారం పై వరస, మూడో వారం కింది వరస. ఆ మూడు వారాలూ చేయి నెమ్మదిగానే ఉంటుంది, విసుగొస్తుంది. అప్పుడే మానేసేవాళ్లు ఎక్కువ. టపాలు పాత పద్ధతిలోనే కొడుతూ, పద్దులు మాత్రం ఇన్‌స్క్రిప్ట్‌లో రాసుకుంటే పని ఆగదు, చేయీ తిరుగుతుంది.

మాట్లాడితే రాసిపెట్టే సదుపాయం గూగుల్ డాక్స్‌లోనూ, ఫోన్లలోనూ తెలుగుకు ఉంది. చిత్తుప్రతికి బాగానే పనికొస్తుంది, ముఖ్యంగా కళ్లూ మణికట్టూ నొప్పిపెట్టే పెద్దవాళ్లకు. అయితే వాక్యాంతాలు మనమే పెట్టుకోవాలి. ఊళ్ల పేర్లు, యాస మాటలు, పనిముట్ల పేర్లు వేరే మాటలుగా మారిపోతాయి. ఏ రోజుది ఆ రోజే దిద్దుకోవాలి. నాలుగు రోజులు ఆగితే అక్కడ అసలు ఏమన్నామో మనకే అంతుపట్టదు. ఇక డీటీపీ చేసేవాళ్ల దగ్గర అను ఖతుల్లో (ఫాంట్లలో) కొట్టించిన పాత వ్యాసాలు నేరుగా బ్లాగులో అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. ఆ ఖతుల్లో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, అందుకు. మార్పిడి సాధనంతో, ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ అరసున్నాలూ ఒకసారి సరిచూసుకోవాలి.

శనివారం దిద్దే రోజు. ఆ రోజు కొత్తగా ఏమీ రాయకూడదు. ముందు "చూడాలి" గుర్తులన్నీ వెతికి ఒకేసారి తేల్చుకోవాలి. తేలనివి కొట్టేయాలి, సుమారుగా వేసేయకూడదు. తర్వాత మొదటి పేరా తీసేసి చదివి చూడండి. చిత్తుప్రతిలో మొదటి పేరా తరచుగా చేయి వెచ్చబెట్టుకోవడానికి రాసినదే, అది లేకపోయినా టపాకు లోటుండదు. ఆపైన గొంతెత్తి చదవాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కనుక "వెళ్లి, చూసి, అడిగి, తెలుసుకుని, వచ్చి" అంటూ సాగదీస్తే చదివేవాడు క్రియ దగ్గరికి చేరేసరికి కర్తను మర్చిపోతాడు. అలాంటివి వరసగా మూడు దాటితే వాక్యం విరవాలి. ఊపిరి చాలని చోట కూడా అంతే.

స్పెల్లింగు విషయంలో ఒక పట్టిక పెట్టుకోవడం తప్పనిసరి. వెళ్లి, వెళ్ళి, చేశాను, చేసాను, చేయి, చెయ్యి. ఏది వాడతారో ఒకసారి నిర్ణయించుకుని ఒక కాగితం మీద రాసి కంప్యూటరు పక్కన పెట్టుకుంటే ప్రతి టపాలో మళ్లీ తర్జనభర్జన ఉండదు. వెతుకులాటలోనూ ఇది అక్కరకొస్తుంది. వెళ్లి, వెళ్ళి కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు, మీ పాత టపాను మీరే వెతుక్కున్నప్పుడు ఇబ్బంది పడతారు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే వ వెళ్లి ట కింద ఒత్తుగా పడుతుంది. దాన్ని ఎలా కొట్టాలో మీ సాధనం సహాయం పేజీలో చూసి పట్టికలో రాసుకోండి.

ఆదివారం పొద్దున శీర్షికలు, ఫొటోలు, షెడ్యూలు. శీర్షికలో విషయమూ చోటూ ఉండాలి. బ్లాగులు నడిపే సేవలైన బ్లాగరులో, వర్డ్‌ప్రెస్‌లో టపా ఫలానా రోజు ఫలానా గంటకు తనంతట తాను ప్రచురణయ్యేలా పెట్టుకోవచ్చు. దానికి ముందు బ్లాగు సెట్టింగుల్లో సమయ మండలం భారత కాలమానంలో ఉందో లేదో చూడండి. అమెరికా పసిఫిక్ కాలంలో ఉండిపోతే పొద్దున ఆరింటికి పెట్టిన టపా సాయంత్రం ఆరున్నరకో ఏడున్నరకో వస్తుంది. టపా వెబ్ చిరునామా సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. తెలుగు శీర్షిక పెడితే బ్లాగరు ఆ అక్షరాల్ని వదిలేసి అర్థంలేని అంకెల చిరునామా ఇస్తుంది. వర్డ్‌ప్రెస్ తెలుగునే ఉంచుతుంది గానీ ఒక్కో యూనికోడ్ గుర్తుకు తొమ్మిది అక్షరాలు పడతాయి, 200 దాటితే తెగ్గొడుతుంది. "లక్ష్మి" ఒక్క మాటకే 63 అయిపోతాయి, ఎందుకంటే పొల్లులూ గుణింతమూ విడివిడిగా లెక్కకొస్తాయి. రెండు చోట్లా చిరునామాను మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాల మాటల్లో మనమే ఇచ్చుకోవడం మంచిది. ప్రచురించాక మారిస్తే, అంతకుముందు ఎవరైనా పంచుకున్న లంకెలు (లింకులు) పనిచేయకుండా పోవచ్చు.

మొదటి టపా వేయడానికి ముందే ఆరు టపాలు పూర్తిగా తయారై ఉండాలి. వారానికి రెండు చొప్పున మూడు వారాల నిల్వ. సంక్రాంతి వచ్చినా, ఇంట్లో పెళ్లి వచ్చినా, పిల్లల పరీక్షలు వచ్చినా బ్లాగు ఆగదు. నిల్వ మూడుకు పడిపోతే వారానికి ఒకటే వేసి మళ్లీ ఆరుకు చేర్చుకోవాలి. బాగా రాశామన్న సంతోషంలో ఒకే రోజు మూడు వేసేయడం వద్దు.

ఒక రోజు తప్పిపోతే ఏం చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. జ్వరమొచ్చినా ప్రయాణమైనా అయిదు వాక్యాలు రాయండి, అది ఆ రోజు కనీసం. అదీ కుదరకపోతే వదిలేయండి. మర్నాడు 600 పదాలు రాసి పూడ్చాలని చూడొద్దు, మామూలు 300 రాస్తే చాలు. పూడ్చడం మొదలుపెడితే బాకీ పెరుగుతుంది, బాకీ పెరిగితే కీబోర్డు వైపే పోబుద్ధి కాదు. వరసగా రెండు రోజులు తప్పకుండా చూసుకోవడం ఒక్కటే పట్టింపుగా పెట్టుకోండి.

వికీపీడియాలో 2015లో మొదలైన "100 వికీడేస్" పద్ధతి తెలిసినవాళ్లకు ఇక్కడ సందేహం రావచ్చు. అందులో వరసగా వంద రోజులు రోజుకో కొత్త వ్యాసం రాయాలి, ఒక రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. తెలుగు వికీపీడియాలోనూ దాన్ని పూర్తి చేసినవాళ్లున్నారు. 2016 సెప్టెంబరులో మొదలుపెట్టి ఏడాదంతా రోజుకో వ్యాసం రాసిన సభ్యుడూ ఉన్నారు. గొప్ప పని. అయితే అక్కడ విజ్ఞానసర్వస్వ వ్యాసానికి ఒక కట్టుబడి ముందే ఉంది: ప్రవేశిక, సమాచారపెట్టె, విభాగాలు, మూలాలు, వర్గాలు. రాయాల్సిన వ్యాసాల జాబితాలు సిద్ధంగా ఉంటాయి, తర్వాత వచ్చి దిద్దేవాళ్లూ ఉంటారు. సొంత బ్లాగులో ఇవేవీ లేవు. అక్కడి నియమాన్ని యథాతథంగా తెచ్చిపెట్టుకుంటే 23వ రోజు తప్పినవాళ్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టరు, మానేస్తారు. బ్లాగుకు వారం లెక్క సరిపోతుంది: ఏడింట్లో అయిదు.

మన రాతను మింగేస్తున్నవి వాట్సాప్ గుంపులు. ఎవరో అడిగిన ప్రశ్నకు అక్కడ శ్రద్ధగా ఇరవై వాక్యాల జవాబు రాస్తాం, సాయంత్రానికి అది శుభోదయాల కింద పడి మాయమవుతుంది. అలాంటి జవాబును వెంటనే పద్దుల్లోకి అతికించుకోండి, ఆ రోజు చిత్తుప్రతి అదే. మన జవాబు మాత్రమే, అవతలివాళ్లు రాసింది కాదు. ఫార్వర్డు అయి వచ్చిన వ్యాసాల్ని పేరు తీసేసి టపాగా వేయడం దొంగతనమే, "సేకరణ" అని కింద రాసినంత మాత్రాన ఒప్పు కాదు. వీక్షణల లెక్క ఆదివారం ఒక్కసారి చూస్తే చాలు. రాయకముందు చూస్తే ఆ రోజు రాత పోతుంది. పైగా ఆ అంకెల్లో మనుషులతోపాటు యంత్రాలూ ఉంటాయి.

రాసినవి మన దగ్గర ఉండాలి. యాహూ గుంపులు 2020 డిసెంబరులో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. అక్కడ తెలుగువాళ్లు చేసిన మంచి చర్చలు దాచుకోనివాళ్లకు దక్కలేదు. ప్రతి నెల మొదటి ఆదివారం బ్లాగు మొత్తాన్ని సెట్టింగుల్లోంచి దించుకుని, ఒక ప్రతి కంప్యూటరులో, ఇంకొకటి పెన్‌డ్రైవులో పెట్టుకోవాలి. ఫొటోలు విడిగా దాచుకోవాలి, కొన్ని సేవల్లో దించుకున్న ఫైలులో అక్షరాలు వస్తాయి గానీ బొమ్మలు రావు.

మీ పత్రిక నుంచి ఒక సాయం కోరుతున్నాను. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వ పోటీలతోపాటు ఆ వారంలో తెలుగు టైపింగు నేర్పే గంట ఒకటి పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థలకు మీ సంపాదకీయంలో సూచించండి. ఇన్‌స్క్రిప్ట్ ఉన్న ఒక్క కంప్యూటరు, అక్షరాల చోట్లు చూపే ఒక గోడపటం ఉంటే మొదలుపెట్టొచ్చు. అలాగే మీ ఆదివారం అనుబంధంలో వారానికో చిన్న పెట్టె కేటాయించి, వారానికి నాలుగు అక్షరాలు, వాటితో కొట్టగలిగే పది మాటలు చొప్పున వేస్తే పన్నెండు వారాల్లో 48 అక్షరాలు, అంటే దాదాపు వర్ణమాలంతా పూర్తవుతుంది. మొదటి వారానికి క, త, ప, ర తీసుకోవచ్చు.

ఇట్లు
మీ పాఠకుడు